కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ: ఒకే తొట్టిలో రకరకాల సిక్లిడ్ చేపలను ఎంచుకోవడం ఎలా?

అక్వేరియం దుకాణంలో సిక్లిడ్ పిల్లల తొట్టి ముందు నిలబడితే కాళ్లు అక్కడి నుంచి కదలవు. పసుపు, నీలం, నారింజ, ఊదా రంగుల్లో రెండంగుళాల పిల్లలన్నీ ఒకే గుంపుగా, ఎంతో స్నేహంగా తిరుగుతుంటాయి. ఆఫ్రికన్ మిక్స్ అని చెప్పి, మీరు వేలు పెట్టి చూపిన రంగునల్లా వలతో పట్టి సంచిలో వేసి ఇస్తారు. వాటి అసలు స్వభావం బయటపడేది ఆరేడు నెలల తర్వాత, పిల్లలు పెద్దవైనప్పుడు.

నా మొదటి నాలుగడుగుల తొట్టి అలాగే మొదలైంది. అందులో బంగారు రంగు ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లటి చారలున్న చేప ఒకటి అన్నింటికంటే అందంగా ఉండేది. దాని పేరు దుకాణంలో చెప్పలేదు, నేను అడగలేదు. ఏడో నెలలో దాని రంగు మారింది. పసుపు పోయి ఒళ్లంతా నల్లబడింది, చారలు లేత నీలంగా తేలాయి. అప్పటి నుంచి తొట్టిలో ముప్పాతిక భాగం దానిదే. ఒకరోజు పొద్దున్నే లైటు వేసి చూస్తే, ఫిల్టరు గొట్టానికీ అద్దానికీ మధ్య సందులో రెండు పసుపు చేపలు తలలు పైకెత్తి, నీటి అంచుకు ఆనుకుని కదలకుండా ఉన్నాయి. ఒకదాని తోక దువ్వెన పళ్లలా చీలిపోయింది. రెండోదాని పక్కన పొలుసులు రాలి తెల్లటి చర్మం కనిపిస్తోంది. మూడో పసుపు చేప బండ వెనక చచ్చి పడి ఉంది.

ఆ నల్లచారల చేప మెలనోక్రోమిస్ ఆరాటస్. అడుగడుగునా తన హద్దు కాచుకోవడం, ఎదురొచ్చినదాన్ని తరమడం దాని పుట్టుగుణం. దానికి సరిజోడు కాని సాత్వికమైన చేపలను తెచ్చి అదే గదిలో పెట్టడమే అక్కడ జరిగిన తప్పు. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని మన పెద్దలు అన్న మాటను సిక్లిడ్లు పెంచేవాళ్లు దుకాణానికి వెళ్లేముందే గుర్తు చేసుకోవాలి. ఎంపిక ఏ వరుసలో చేయాలో చెబుతాను.

మొదటి మెట్టు: చేప కంటే ముందు సరస్సును ఎంచుకోండి

సిక్లిడ్ అనేది ఒక చేప పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. దక్షిణ అమెరికాలోని ఆస్కార్, ఏంజెల్, డిస్కస్ ఈ కుటుంబానివే. మధ్య అమెరికా చేపలను కలిపి మనుషులు పుట్టించిన ఫ్లవర్‌హార్న్ కూడా ఇందులోదే. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే జిలేబీ చేప, అంటే తిలాపియా, దీనికి బంధువే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇవన్నీ ఒక కప్పు కింద బతకవు. డిస్కస్‌కు మెత్తటి, కాస్త ఆమ్ల గుణమున్న, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చటి నీరు కావాలి. ఆఫ్రికా సరస్సుల చేపలకు సున్నపు గుణమున్న కఠినమైన నీరు కావాలి. ఫ్లవర్‌హార్న్‌కు మాత్రం తోడే అక్కర్లేదు, దాన్ని ఒంటరిగా ఉంచడమే క్షేమం.

కాబట్టి ముందు ఒక చోటు తేల్చుకోండి. రంగులు, సందడి కావాలనుకుంటే తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు తీసుకోండి. చిన్న తొట్టి ఉండి, ఓపిగ్గా కూర్చుని గమనించే అలవాటుంటే టాంగన్యీకా సరస్సు చేపలు బాగుంటాయి. అందులో నత్తగుల్లల్లో కాపురముండే మల్టీఫేసియేటస్ అనే చేప రెండంగుళాలకు మించదు. ఇసుక, ఖాళీ నత్తగుల్లలు ఇస్తే రెండడుగుల తొట్టిలోనే ఊరు కట్టేస్తుంది. ఈ రెండు సరస్సుల చేపలను అమెరికా చేపలతో మాత్రం కలపకండి.

మొదటిసారి రకరకాల సిక్లిడ్లను కలిపి పెంచేవాళ్లకు నేను మలావీనే చెబుతాను. ఇక్కడి నుంచి ఆ సరస్సు చేపల గురించే.

రెండో మెట్టు: ఆ సరస్సును అర్థం చేసుకోండి

మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య సుమారు 29,600 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న సరస్సు అది. లోతు దాదాపు 700 మీటర్లు. వందల రకాల సిక్లిడ్లు అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండవు. వాటిని పెంపకందార్లు మూడు గుంపులుగా చూస్తారు. ఒడ్డున మునిగి ఉన్న రాళ్లను అంటిపెట్టుకుని, వాటి మీది నాచు గీరుకుని తినేవి ఎంబూనా. అక్కడి టోంగా భాషలో ఆ మాటకు రాతిచేప అనే అర్థం. ఇసుక మీద తిరుగుతూ అడుగున కదిలే చిన్న పురుగులను ఏరుకుని తినేవి పీకాక్‌లు. ఇంకాస్త లోతైన, విశాలమైన నీళ్లలో తిరిగే పెద్ద చేపలు హ్యాప్‌లు. వీటిలో చాలామట్టుకు ఇతర చేపలనో పురుగులనో వేటాడేవే.

ఎంబూనా మగచేపకు ఒక రాయి, దాని పక్కన ఒక సందు ఉంటే అదే దాని పొలం, అదే దాని ఇల్లు. తన ఆడచేపల కోసం పోటీకి వచ్చేది తనలాంటి చేపే కనుక, తనలా కనిపించే ప్రతిదాన్నీ ముందు తరుముతుంది. సరస్సులో ఓడిన చేప పది మీటర్లు ఈదితే బతుకుతుంది. తొట్టిలో నాలుగడుగులకే అద్దం అడ్డొస్తుంది. మనం చేసే ఎంపిక అంతా ఈ ఒక్క తేడాను సర్దడానికే.

మూడో మెట్టు: మీ నీరు, మీ తొట్టి

వీటికి పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.8 నుంచి 8.6 మధ్య, వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే హాయి. బకెట్ల అంచున తెల్లగా సున్నంలా పేరుకుని, సబ్బు నురగ సరిగా రాని బోరు నీటితో విసిగిపోయిన ఇళ్లు హైదరాబాదులో, తెలంగాణ పల్లెల్లో ఎన్నో. ఆ నీరే ఈ చేపలకు అనువైనది. చుక్కల మందుతో చూసే పరీక్ష కిట్టు ఒకటి కొని పీహెచ్ చూసుకోండి. ఆర్వో నీరు వాడొద్దు, అందులోని ఖనిజాలు పోయి చేపలకు నష్టం. కుళాయి నీరైతే క్లోరిన్ విరిచే మందు కలపాలి.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. లెక్కకు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోగా నికరంగా 200 లీటర్ల నీరు పడుతుంది. మొత్తం బరువు 300 కిలోలు దాటుతుంది కనుక స్టాండు గట్టిదై ఉండాలి. రెండడుగుల తొట్టిలో ఎంబూనాలు పట్టవా అని చాలామంది అడుగుతారు. పిల్లలుగా ఉన్నన్నాళ్లు పడతాయి. ఆ తర్వాత ఒక్కటే మిగులుతుంది.

బండలకు డబ్బు పోయకండి. తాండూరు, షాబాదు, కడప బండలు మన చుట్టుపక్కల ఇళ్లకు పరిచేవే, అవన్నీ సున్నపురాళ్లే. పీహెచ్ పడిపోకుండా నీటికి ఆసరాగా ఉంటాయి. అనుమానముంటే రాతి మీద కాస్త గీకి రెండు చుక్కలు వెనిగరు వేసి చూడండి, సున్నపురాయైతే సన్నటి బుడగలు లేస్తాయి. పాలిష్ పట్టినవి, రంగు పూసినవి వద్దు. ముక్కల అంచులు అరగదీసి, బాగా కడిగి, ముందు తొట్టి అడుగున పేర్చి ఆ తర్వాతే ఇసుక పోయండి. ఈ చేపలు రాత్రికి రాత్రే ఇసుక తవ్వి గుంటలు చేస్తాయి. ఇసుక మీద పేర్చిన బండ జారితే అద్దం పగులుతుంది. సందులు చేపల లెక్కకు మించి ఉండాలి. ప్రతి సందుకూ రెండు దారులు ఉండాలి, లేకపోతే తరుముడు తప్పించుకోవడానికి దూరిన చేప అందులోనే చిక్కుతుంది.

ఫిల్టరు గంటకు రెండు వేల లీటర్లయినా తిప్పేది పెట్టండి. చేపలు తెచ్చే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు తొట్టిని పండనివ్వాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగడానికి అంత సమయం పడుతుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో అమ్మోనియా విషం మరింత తీవ్రంగా ఉంటుంది. మామూలు తొట్టిలో చేప ఓర్చుకునే మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది. పరీక్షలో అమ్మోనియా, దాని నుంచి పుట్టే మరో విషం నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగండి.

నాలుగో మెట్టు: చేపలను తూచి ఎంచుకోండి

నచ్చిన ప్రతి చేపనూ నాలుగు విషయాల్లో తూచండి: దాని కోపం, పెద్దయ్యాక దాని పొడవు, దాని తిండి, దాని రంగు. మొదటి మూడూ మిగతా చేపలకు దగ్గరగా, రంగు మాత్రం దూరంగా ఉండాలి. ఒక్కటి కుదరకపోయినా ఆ చేపను ఈ తొట్టిలో వేయకండి. దుకాణంలో కనిపిస్తున్న రంగును మాత్రం నమ్మకండి. కెన్యీ అనే చేప పిల్లగా నీలంగా ఉంటుంది, మగదైతే పెద్దయ్యాక పసుపు పచ్చగా మారుతుంది. దాని కోపం ఆరాటస్‌కు ఏమాత్రం తీసిపోదు. పేరు తెలియని చేపను కొనకండి. ఫోనులో పెద్దచేప ఫొటో చూపించి, ఇదేనా అని అడగండి. జవాబు తడబడితే ముందుకు నడవండి.

నాలుగడుగుల తొట్టికి నేను చెప్పే మొదటి కూర్పు ఇది. యెల్లో ల్యాబ్ ఆరు, రస్టీ ఆరు, అసీ ఐదు.

యెల్లో ల్యాబ్ నిమ్మపండు రంగు చేప, నాలుగంగుళాల లోపే ఉంటుంది. ఎంబూనాల్లో ఇంత నెమ్మదైనవి అరుదు. స్వచ్ఛమైనదాని వెన్నురెక్క మీద నల్లటి గీత చెక్కినట్టు తీరుగా ఉంటుంది. మొహం మీద మసక పట్టీ, ఒంటి మీద అడ్డచారల నీడ, నారింజ ఛాయ కనిపిస్తే అది రెడ్ జీబ్రా అనే మరో ఎంబూనాతో కలిసి పుట్టిన సంకరం కావచ్చు. చూడటానికి బాగానే ఉంటుంది కానీ కోపం ఎటు మొగ్గుతుందో చెప్పలేం.

రస్టీ పేరుకు తగ్గట్టు తుప్పు రంగులో, ఊదా ఛాయతో ఉంటుంది. దుకాణపు తెల్లటి దీపం కింద మట్టిగొట్టుకుపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాటిపోతారు. సర్దుకున్న తొట్టిలో, సాయంత్రపు వెలుగులో దాన్ని చూసినవాళ్లు మళ్లీ వదలరు. కోపం చాలా తక్కువ. ఎవరైనా ఒక్క ఎంబూనా పేరు చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

అసీ నీలి ఊదా ఒళ్లు, పసుపు రెక్కలున్న చేప. సరస్సులో మునిగిన చెట్టు మొద్దుల మీద నాచు తింటూ గుంపుగా ఈదుతుంది. ఐదారు అంగుళాలు పెరుగుతుంది. మిగతా రెండూ రాళ్ల దగ్గరుంటే ఇది తొట్టి పైభాగాన్ని వాడుకుంటుంది, అందుకే వాటితో తగవు రాదు. ఈ మూడింటికీ కోపం దాదాపు సమానం, తిండి దగ్గరదగ్గర, రంగులు దూరం. అందుకే ఈ కూర్పు నిలబడుతుంది.

వీటికి తోడుగా సైనోడాంటిస్ పిల్లిచేపలు మూడు వేసుకోవచ్చు. రాత్రిళ్లు తిరుగుతూ అడుగున మిగిలింది తింటాయి. వాటిలో మల్టీపంక్టేటస్ అనే టాంగన్యీకా చేప చేసే పని వింతగా ఉంటుంది. కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టినట్టు, సిక్లిడ్ గుడ్లు పెట్టే వేళకు మధ్యలో దూరి తన గుడ్లు వదులుతుంది. ఈ సిక్లిడ్ తల్లి గుడ్లను నోట్లో పెట్టుకునే పొదుగుతుంది కనుక, వాటిని కూడా తనవే అనుకుని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లిచేప పిల్లలు గుడ్లలోంచి ముందే బయటికి వచ్చి, ఆ నోట్లోనే తల్లి సొంత పిల్లలను తినేస్తాయి. సిక్లిడ్ పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క రకాన్ని పక్కన పెట్టండి. అద్దం పాచి తింటుందని దుకాణంలో అంటగట్టే సక్కర్ చేప కూడా వద్దు, అది అడుగు దాటి పెరుగుతుంది.

ఇక వదిలేయాల్సినవి. ఆరాటస్, చిపోకే, కెన్యీ అందమైనవే, కానీ పైన చెప్పిన నెమ్మది చేపలతో ఎన్నడూ వేయకండి. డెమసోని మూడంగుళాలకు మించదు, నీలంలో ముదురు, లేత చారలతో కళ్లు తిప్పుకోనివ్వదు. ఇది తనవాటితోనే పోట్లాడుతుంది. నాలుగు తెస్తే ఒకటి మిగులుతుంది, పన్నెండు తెస్తే దెబ్బలు పంచుకుని బతుకుతాయి. సౌలోసి మంచి చేపే, కానీ దాని ఆడచేపలు పసుపు రంగులో ఉంటాయి. అందుకే దాన్ని యెల్లో ల్యాబ్ ఉన్న తొట్టిలో కాకుండా ల్యాబ్‌కు బదులుగా వేసుకోండి. ఒక తొట్టిలో పసుపుది ఒక రకమే, నీలంది ఒక రకమే, అడ్డచారలది ఒక రకమే ఉండాలి.

పీకాక్‌ల రంగులకు మనసు పడితే అది వేరే తొట్టి. పీకాక్ ఆడచేపలన్నీ బూడిద, గోధుమ రంగుల్లో ఒకేలా ఉంటాయి. ఏది ఏ రకమో మనకే కాదు, వాటి మగచేపలకూ పట్టదు. రెండు రకాలు కలిస్తే సంకర పిల్లలు ఖాయం. అందుకే మగచేపలను మాత్రమే పెంచేవాళ్లు ఎక్కువ. రకానికి ఒకటి, రంగుకు ఒకటి చొప్పున నాలుగడుగుల తొట్టిలో పది దాకా పెట్టుకోవచ్చు. ఆడచేప ఒక్కటి ఉన్నా యుద్ధమే. ఇందులో ఎలక్ట్రిక్ బ్లూ హ్యాప్ ఒకటి కలపవచ్చు. వీనస్టస్, లివింగ్‌స్టోని వంటి పెద్ద హ్యాప్‌లకు ఆరడుగుల తొట్టి కావాలి. లివింగ్‌స్టోని అయితే అడుగున పక్కకు వాలి చచ్చినట్టు పడుకుని, దగ్గరికి వచ్చిన చిన్నచేపను గుటుక్కున మింగుతుంది. నోట్లో పట్టే చేపను పక్కన ఉంచితే అది దానికి ఆహారమే.

ఐదో మెట్టు: మగ, ఆడ లెక్క

ఎంబూనాల్లో ఒక మగకు మూడు నాలుగు ఆడచేపలు ఉండాలి. ఒకే ఆడచేప ఉంటే మగది దాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. పిల్లలుగా ఉన్నప్పుడు మగ, ఆడ గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం. అందుకే రకానికి ఐదారు చొప్పున పిల్లలను కొని, పెరిగాక ఎక్కువైన మగచేపలను తిరిగి ఇచ్చేసే ఏర్పాటు దుకాణంతో ముందే మాట్లాడుకోండి. ఈ ఒక్క పని చేసేవాళ్లు తక్కువ, తొట్టి నిలిచేది చాలావరకు దీని మీదే.

పదిహేడు చేపలు ఎక్కువ కదా అనిపిస్తుంది. ఎంబూనాల విషయంలో కాస్త కిక్కిరిసి ఉండటమే మేలు. ఐదు చేపలుంటే బలమైనది బలహీనమైనదాన్ని ఎంచుకుని వెంటపడుతుంది. పదిహేడు ఉంటే ఒక్కదాని మీదే గురి నిలవదు. దానికి ప్రతిగా మీరు వారం వారం మూడో వంతు నీరు మార్చాల్సిందే. అది కుదరదనుకుంటే ఈ తొట్టి పెట్టకండి.

ఆరో మెట్టు: తెచ్చే వరుస

అన్ని రకాలనూ ఒకే ఈడు పిల్లలుగా, వీలైతే ఒకే రోజు తెండి. విడతలుగా తేవాల్సి వస్తే నెమ్మది చేపలను ముందు, గడుసువాటిని చివర వేయండి. ముందు వచ్చినది ఇల్లు తనదనుకుంటుంది. కొత్తచేపలను రెండు మూడు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే కలపండి. సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా సంచిలో పోస్తూ గంట సేపు అలవాటు చేయండి. సంచిలోని నీటిని తొట్టిలో పోయకండి. చేపలను వదిలే ముందు పాతవాటికి తిండి వేసి, బండలను కాస్త అటూ ఇటూ మార్చి, లైటు ఆర్పేయండి. హద్దులు చెరిగిపోయి అన్నీ కొత్త ఇంట్లో ఉన్నట్టు మళ్లీ మొదలుపెడతాయి. ఒక్క చేపను ఒంటరిగా ఎన్నడూ వేయకండి.

ఏడో మెట్టు: తిండి

ఎంబూనాలకు నాచు అరిగించుకునే పొడవాటి పేగు ఉంటుంది. రక్తపురుగులు, కోడిగుండె, మాంసం ముక్కలు పెడితే కడుపుబ్బు రావచ్చు. పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా మలం వేలాడుతూ, తిండి దగ్గరికి రాకపోతే అదే. అప్పటికే చాలా ఆలస్యమై ఉంటుంది. స్పిరులినా అనే నాచుతో చేసిన గుళికలు రోజుకు రెండుసార్లు, నిమిషంలో అయిపోయేంత వేయండి. వారానికొక రోజు పస్తు ఉంచండి. పీకాక్‌లకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. ఎంబూనాలను, పీకాక్‌లను ఒకే తొట్టిలో వద్దనడానికి కోపంతో పాటు తిండి కూడా కారణం.

తర్వాత చూసుకోవాల్సినవి

రోజూ తిండి వేసేటప్పుడు చేపలను లెక్కపెట్టండి. రెండు మూడు క్షణాల తరుముడు, మూతులు పట్టుకుని లాగడం మామూలే. తొట్టి ఆ చివర దాకా వెంటపడి మళ్లీ మళ్లీ కొడుతుంటే, దెబ్బ తిన్నది పైమూలకు చేరి రంగు వెలిసిపోతే, ఆ రోజే కదలండి. సాధారణంగా అందరూ దెబ్బ తిన్నదాన్ని తీస్తారు. కొట్టేదాన్ని తీసి పది రోజులు వేరుగా ఉంచడం మేలు. తిరిగి వేసేటప్పటికి దాని పొలం ఇంకొకరిది అయి ఉంటుంది.

వేసవిలో విజయవాడ, రామగుండం వంటి చోట్ల తొట్టి నీరు 30 డిగ్రీలు దాటుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపల కోపం పెరుగుతుంది. మూత తీసి, పైన జాలీ వేసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తిండి తగ్గించండి. కరెంటు పోతే పని చేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాల్సిందే.

అంతా కుదిరితే ఏదో ఒక రోజు ఒక ఆడచేప గవద బరువుగా దిగి, తిండి వేసినా నోరు తెరవకుండా ఒక మూల నిలబడుతుంది. రోగం అనుకుని మందు వేయకండి. నోట్లో గుడ్లున్నాయి. మన జిలేబీ చేపకూ ఇదే అలవాటు. దాదాపు మూడు వారాలు అది ఏమీ తినకుండా పిల్లలను మోస్తుంది. కదిలించకుండా వదిలేయండి. బయటికి వచ్చిన పిల్లల్లో బండల సందుల్లో దాక్కున్నవి మూడో నాలుగో బతుకుతాయి. ఎక్కువైతే రకం పేరు రాసిన చీటీతో దుకాణానికో, పెంచే స్నేహితులకో ఇవ్వండి. చెరువులో, కాలువలో మాత్రం వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు వల వేసిన ప్రతి చోటా పడుతోంది.